తాళం బయటున్న కోట

పడమటి నవాబుగారి ఫౌజు వచ్చి ఏదులకొండ కోటను ముట్టడించినప్పుడు మొదట అందరూ భయపడ్డారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత దాని మీదే బతకడం మొదలుపెట్టారు. కొండ మీద తూర్పు దొరవారి మనుషులు, కొండ కింద నవాబుగారి మనుషులు. ముట్టడి మొదలైన ఏడు వెంగమ్మకు పాలపళ్లు ఊడుతున్నాయి. ఇప్పుడా పిల్ల నిండు చూలాలు. పుట్టింది కొండ మీద, కాపురం కొండ కింద. పెళ్లినాడు ఆమెను మేళంతో కోటలోంచి దింపి శత్రువుల గుడారాల మధ్యకు సాగనంపారు. రెండు పక్షాల సిపాయిలూ ఒకే పంక్తిలో కూర్చుని బూరెలు తిన్నారు. మర్నాడు లేచి, ఎవరి చోట వాళ్లు నిలబడి, యథాప్రకారం ముట్టడి సాగించారు.

వెంగమ్మ తల్లి నాంచారమ్మ. కోట లోపల, వాకిలిని ఆనుకునే ఆమె గుడిసె. ఉన్నవి రెండు మేకలు. ఆ మేకల పాలు రోజూ పొద్దున్నే కొండ దిగి శత్రుశిబిరానికి వెళ్లేవి. నవాబుగారి సర్దారు మురాద్ ఖాన్‌గారికి తీరని అజీర్తి. మేకపాలు తప్ప మరేదీ పడదు. కాబట్టి కోటకు దాణా పోకుండా కాపలా కాస్తున్న ఫౌజు, ఆ రెండు మేకల మేత మాత్రం దగ్గరుండి పైకి మోయించేది. పాలు పోసి, కూతురి దగ్గర కాసేపు కూర్చుని, దాని కాళ్లకు నీరు పట్టిందేమో వేలితో నొక్కి చూసుకుని, ఎండ ముదరకముందే నాంచారమ్మ కొండెక్కేది.

ఎక్కడానికీ దిగడానికీ ఆమెకు అడ్డం లేదు. ఎందుకంటే కోట వాకిలికి తలుపు లేదు.

ఒకప్పుడు ఉండేది. ఆమె పెనిమిటి గంగులయ్య ఆ తలుపుకు కావలివాడు. ముట్టడి మొదలైన కొత్తల్లో ఒకనాడు ఆయన ఉప్పు కోసం కిందికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పొద్దు కుంకింది, తలుపు మూశారు. మూసిన తలుపు తట్టినవాడు శత్రువని కోట నియమం. గంగులయ్య తట్టాడు. 'ఆయనే సామీ, ఆ దగ్గు ఆయనదే' అని నాంచారమ్మ లోపలి నుంచి కాళ్లావేళ్లా పడింది. 'దగ్గు మాకూ తెలుసమ్మా. దగ్గుకు నియమం లేదు, తట్టుడికి ఉంది' అన్నాడు జమాదారు. గంగులయ్య వానలో తడుస్తూ కొండ దిగిపోయాడు. కింద జ్వరం తగిలి పోయాడు. ఆ తలుపుకు చెదలు పట్టినప్పుడు ఏదులకొండలో సంతోషించిన మనిషి నాంచారమ్మ ఒక్కతే. చెదలు తినగా మిగిలిన చెక్కలను ఒక చలికాలం సిపాయిలు కాచుకున్నారు. ఆ మంటలో ఆమె కూడా చేతులు కాచుకుంది.

తలుపు లేని కోటలోకి నవాబుగారి ఫౌజు ఎందుకు వెళ్లలేదని అడిగేవాళ్లకు యుద్ధధర్మం తెలియదు. సర్దారుగారిని ఒకసారి నాంచారమ్మే అడిగింది.

"తలుపు లేని కొంపలో దూరేది కుక్క, అమ్మా. ఫౌజు దూరదు. ఫౌజు గోడ పగలగొట్టి పోవాల. అది ఇజ్జత్ కా సవాల్" అన్నారాయన పాలు తాగుతూ.

అందుకని రోజూ పొద్దున ఒక ఫిరంగి పేలేది. గుండు సగం కొండ ఎక్కి అలసిపోయి పడేది. పాలచెంబు తిరిగివ్వడానికి వచ్చే సిపాయి దాన్ని చంకలో పెట్టుకుని దింపుకుపోయేవాడు. మర్నాటికి మళ్లీ అదే గుండు.

ఇలా అందరూ సుఖంగా ఉండగా, పైన రాజధానుల్లో సంధి కుదిరింది.

సంధి కబురు తెచ్చినవాడు రాయసం విస్సన్న పంతులు. ఉత్తరాలు రాయడం ఆయన వృత్తి. ఏదులకొండ చుట్టుపక్కల చక్కని దస్తూరీ ఉన్నవాడు ఆయనొక్కడే కావడంతో, పొద్దున పూట కోట తరఫున నవాబు సర్దారుకు ధిక్కార లేఖ రాసేవాడు. భోజనం చేసి, కొండ దిగి, సర్దారు తరఫున దానికి జవాబు రాసేవాడు. పొద్దున తాను రాసిందే మధ్యాహ్నం చదివి, పట్టరాని కోపం తెచ్చుకుని, 'ఎవడీ లేఖ రాసిన అవివేకి?' అని జవాబులో అడిగేవాడు. రెండు పక్షాలూ ఆయన నిజాయితీని మెచ్చుకునేవి.

సంధి ప్రకారం తూర్పు దొరవారు కోటను నవాబుగారికి అప్పగించాలి. బదులుగా నవాబుగారు ఒక దంతాల ఏనుగును దొరవారికి ఇవ్వాలి. కోట అధికారి అయిన ఖిల్లాదారు సర్వప్ప నాయనివారు సంధి విని మీసం కిందికి దువ్వుకున్నారు. సరే, దొరవారి ఆజ్ఞ.

"అప్పగింత మర్యాద ప్రకారం జరగాలి. 'దుర్గాధిపతి మూసిన మహాద్వారమునకు వేసిన తాళమును తీయించి, తాళంచెవిని వెండిపళ్లెరమున తాంబూల సహితముగా జయించినవారికి సమర్పించవలెను.' ఇదీ మర్యాద" అని పంతులు వినిపించాడు.

ఖిల్లాదారు వాకిలి వైపు చూశారు. వాకిట్లో నాంచారమ్మ మేక నిలబడి నెమరు వేస్తోంది.

"పంతులూ, తాళంచెవి లేదు."

"చిత్తం. తాళం కూడా లేదు."

"తలుపే లేదు గదయ్యా!"

"అయితే ప్రభువులు కోటను అప్పగించడానికి వీల్లేదు. తలుపు లేని కోట శాస్త్రప్రకారం ఇంకా ఎవరి చేతిలోనూ లేనట్టు."

మధ్యాహ్నం కిందికి వెళ్లి ఇదే మాట సర్దారుగారి తరఫున తానే ఒప్పుకున్నాడు. రెండు పక్షాలూ ఆలోచించి, కోటను అప్పగించడానికి ముందు దానికి తలుపు పెట్టాలని తీర్మానించాయి. తలుపు ఎవరు చెయ్యాలి? కోటలో వడ్రంగి లేడు. కింద శిబిరంలో ఉన్నాడు. వాడు వెంగమ్మ మొగుడు, నాంచారమ్మ అల్లుడు, ఓబులేసు.

కొయ్యకు కరువు లేదు. గోడలెక్కడానికని నవాబుగారు పంపిన నిచ్చెనలు మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాకుండా పడి ఉన్నాయి. వాటిని విప్పించారు. కోటను పగలగొట్టే కొయ్యతోనే కోటకు తలుపు తయారవుతోందని ఎవరో అంటే, సర్దారుగారు 'వాహ్' అన్నారు.

నాంచారమ్మకు ఆ పూట నుంచి తిండి సహించలేదు. ఓబులేసు పని చేసే చోటికి వచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునేది.

"ఏమప్పా, చెక్క అంత మందం ఎందుకు?"

"ఏం చేసేదత్తా. కోట తలుపు గదా. పల్చగ చేస్తే నలుగురూ నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. ఒక దినం నిలబడితే చాలంట గదా. చాటకు పేడ అలికినట్టు పల్చగా కానిచ్చెయ్యకూడదూ?"

ఓబులేసు మంచివాడు. అత్త మాట కాదనే రకం కాదు. కానీ చేతిలో ఉలి ఉన్నప్పుడు వాడు ఎవరి మాటా వినడు. పుట్టాక ఇళ్ల తలుపులు తప్ప చేసి ఎరగడు. మొదటిసారి మహాద్వారం చేతికి వచ్చింది. నున్నగా చిత్రిక పట్టాడు. ఇనుప పట్టీలు బిగించాడు. రెక్కలు బయటికి తెరుచుకునేలా అమర్చి మేకులు దిగ్గొట్టాడు.

"ఒక్క దినమే గదత్తా. మూస్తారు, తీస్తారు, పళ్లెంలో పెడతారు. అయిపాయ. నువ్వు ఊరికే కుములుతావు."

"మీ మామ గూడా ఉప్పు తెస్తా, ఒక్క గడియేనని పోయినాడప్పా" అంది నాంచారమ్మ. ఓబులేసు ఉలి ఆపి, మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.

అప్పగింతకు ముందు తలుపును పరీక్షించాలని పంతులు చెప్పాడు. ఒక పాడు తలుపు తెరిచి లొంగిపోతే ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ అగౌరవం. కాబట్టి దొరవారికి ఇవ్వాల్సిన ఏనుగునే తీసుకొచ్చి తలుపును నెట్టించారు. కోటలోని జనమంతా బురుజుల మీద, ఫౌజంతా కింద. మేకలు బెదురుతాయని నాంచారమ్మ వాటిని గుడిసెలో కట్టేసి, వాటి పక్కనే కూర్చుంది.

ఏనుగు తలుపును ఒకసారి నెట్టింది. రెండోసారి నెట్టింది. కాసేపు ఆలోచించింది. వెనక్కి తిరిగి, చెరుకు తినడానికి వెళ్లిపోయింది.

జనం ఈలలు వేశారు. ఓబులేసును భుజాలకెత్తుకున్నారు. తలుపు వెనక నిలబడ్డ ఖిల్లాదారుగారు మాత్రం తలుపు మీద చెయ్యి వేశారు. అరచేత్తో నిమిరారు. మీసం పైకి దువ్వారు.

"జమాదారూ! ఏనుగుకే చలించని తలుపున్న కోటను ఆ ఏనుగు కోసమే ఇచ్చుకుంటామా? లొంగేది లేదు. తాళం వెయ్యి!"

జమాదారు తాళం పట్టుకుని తలుపు మీద పైనుంచి కిందిదాకా వెతికాడు. పక్కన వెతికాడు. గొళ్లెం కనబడలేదు.

"ప్రభూ, గొళ్లెం బయటుంది."

"బయటెందుకుంది?"

ఎందుకంటే ఓబులేసు చేసినవన్నీ ఇళ్ల తలుపులు. ఇంటికి తాళం బయటే వేస్తారు. లోపల తాళం వేసుకుని కూర్చునే ఇల్లు వాడు ఎక్కడా చూడలేదు. పోనీ లోపల అడ్డగడియ పెడదామంటే, మర్యాదలో తాళం మాట ఉందే కానీ గడియ మాట లేదని పంతులు గడియ రంధ్రాలు తొలవనివ్వలేదు.

ఖిల్లాదారుగారు చిన్నబుచ్చుకోలేదు. తలుపు సందులో నోరు పెట్టి పిలిచారు.

"సర్దారుగారూ! మేము లొంగడం లేదు!"

"అరే! ఎందుకు నాయనివారూ?"

"తలుపు బాగుంది!"

సర్దారుగారు ఆలోచించారు. కోట లొంగిపోతే రేపు తాను ఇంటికి వెళ్లాలి. ఇంట్లో మేకపాలు ఉంటాయో లేదో. "సరే, అయితే ముట్టడి సాగనీ, జారీ హై" అన్నారు హుషారుగా.

"చిత్తం. ఒక చిన్న సాయం. తాళం మీ వైపు పడింది. దయచేసి మీరు తాళం వేసి, తాళంచెవి కింది సందులోంచి మాకు తోసెయ్యండి."

"తోయకుండా మేమే ఉంచుకుంటే?"

"మీరు అలాంటివారు కారు."

"తౌబా, తౌబా! నమ్మి ఇచ్చిన అమానతులో మోసమా? వేస్తాం, వేస్తాం."

జమాదారు సందులోంచి అందించిన తాళాన్ని సర్దారుగారు స్వయంగా వేశారు. ఇన్నేళ్లు మనుషులు తొక్కి తొక్కి గడపరాయి నడుమ అరిగిపోయి, తలుపు కింద చెయ్యి పట్టేంత సందు మిగిలింది. అరిగిన రాయిలో ఎక్కువ పాలు నాంచారమ్మ పాదాలదే. ఆ సందులోంచి మూరెడు తాళంచెవి జర్రున జారి, నేరుగా వెళ్లి ఆమె గుడిసె ముందు ఆగింది.

ఆమె దాన్ని చూసింది. తలుపును చూసింది. అప్పుడు గాని తాను లోపల ఉండిపోయానని ఆమెకు తెలియలేదు.

"సామీ, నా బిడ్డ కిందుంది. నెలలు నిండినాయి. నన్ను దింపండి సామీ" అని ఖిల్లాదారుగారి కాళ్ల మీద పడింది.

"మూసిన తలుపులోంచి బయటికి పోతానన్నది ద్రోహమని తెలియదా అమ్మా? ఇదిగో, నీ మీద మాకు నమ్మకముంది కాబట్టి ఈ తాళంచెవి నీ దగ్గరే ఉంచుతున్నాం" అన్నారాయన.

నమ్మకం సంగతి తర్వాత. తాళంచెవి జమాదారుకిస్తే వాడు అమ్ముకోవచ్చు. తన దగ్గరే ఉంచుకుంటే తానే అమ్ముకున్నాడని దొరవారు అనుకోవచ్చు. గంగులయ్య చనిపోయినా కావలి ఉద్యోగంలోంచి అతని పేరు ఎవరూ కొట్టెయ్యలేదు, కొట్టెయ్యమని ఉత్తర్వు రాలేదు కాబట్టి. అందువల్ల ఆయన భార్య తాళంచెవికి తగిన మనిషి అని పంతులు తేల్చాడు. ఉంచుకోవచ్చు, వాడకూడదు. అయినా వాడేదెలా? తాళం బయటుంది.

పంతులు కూడా లోపలే చిక్కుకుపోయాడు. దాంతో ఉత్తరాలకు చిక్కొచ్చింది. ధిక్కార లేఖ ఇక్కడ రాయొచ్చు, జవాబు ఎవరు రాస్తారు? పంతులు అలవాటు చొప్పున రెండూ రాసి, రెండోదాన్ని రాయికి కట్టి బురుజు మీది నుంచి విసిరేవాడు. 'సర్దారుగారికి నమస్కారములు. ఇది మీరు మాకు వ్రాసిన లేఖ. చదివించుకొని, ముద్ర వేసి, సత్వరం మాకు పంపగలరు.' సర్దారుగారు ముద్ర వేసి, తాడుకు కట్టి పంపేవారు. ఉత్తరం అందగానే ఖిల్లాదారు కోపంతో ఊగిపోయేవారు.

మేకపాలు లేక సర్దారుగారు మూడు పూటలా మజ్జిగతేటతో గడిపారు. ముట్టడిలో మొదటిసారి ఒక పక్షానికి నిజంగా కష్టం కలిగింది.

నాంచారమ్మ మాత్రం తలుపు దగ్గరే ఉండేది. తాళంచెవి నడుముకు కట్టుకుంది. పెద్దదవడం వల్ల నడిస్తే తొడకు తగిలేది. కూతురి కబురు ఎలా వస్తుంది? ఎవడైనా వచ్చి చెప్పాలంటే తలుపు తట్టాలి. తడితే శత్రువు.

అనుకున్నంతా అయ్యింది. ఒక పొద్దున ఓబులేసు పరుగెత్తుకుంటూ వచ్చి తాను చేసిన తలుపును రెండు చేతులా బాదాడు.

"అత్తా! వెంగమ్మకు నొప్పులొచ్చినాయి! నిన్నే తలుస్తాండాది అత్తా!"

లోపల నగారా మోగింది. "తట్టినాడు! శత్రువు!" అని సిపాయిలు కేకలు వేశారు. ఇన్నేళ్లకు కోట మీదికి ఎవడో ఒకడు వచ్చాడన్న సంతోషంలో ఒకరినొకరు కౌగిలించుకున్నారు. నియమం ప్రకారం తట్టినవాడి నెత్తిన కాగిన నూనె పొయ్యాలి. నూనె అయిపోయి చాలా కాలమైంది. నీళ్లు కాచారు. కట్టెలు కరువు. అవి సలసల కాగేలోపే మంట ఆరిపోయింది. గోరువెచ్చని నీళ్లే ఓబులేసు మీద కుమ్మరించారు. వాడికి నలుగు పెట్టని తలంటు జరిగింది.

"నా అల్లుడు సామీ! వాని మీద నీళ్లు పోస్తారేమి?" అని నాంచారమ్మ అరిచింది.

"అల్లుడని మాకు తెలియదా అమ్మా? తట్టకుండా చెప్పుంటే వినేవాళ్లమే" అన్నాడు జమాదారు నొచ్చుకుంటూ.

శత్రువు వెనుదిరిగాడు. అంటే తడిసి, చెట్టు చాటుకు వెళ్లి కూర్చున్నాడు. ఖిల్లాదారుగారు అందరినీ పడమటి బురుజు మీదికి పిలిపించారు. వీరతాంబూలాలు, బిరుదులు. నీళ్లు కాచినవాడికి 'అగ్నిప్రళయ', పోసినవాడికి 'వర్షభైరవ'. కట్టెలు తెచ్చినవాడు తనకేదీ రాలేదని అలిగితే వాడికీ ఏదో వెతుకుతున్నారు.

తలుపు దగ్గర నాంచారమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె చెవి తలుపుకు ఆనించింది. గంగులయ్యను తలుచుకుంది. ఆనాడు తాను ఈ పక్క నిలబడి అందరినీ అడిగింది. ఒక్కరూ తియ్యలేదు. ఈసారి ఎవరినీ అడగదలచుకోలేదు.

నేల మీద బోర్లా పడుకుని, సందులోకి నోరు పెట్టి, "ఓబులేసూ" అంది.

"అత్తా!" అవతల వాడూ బోర్లా పడుకున్నాడు.

"తట్టొద్దు నాయనా. గమ్మునుండు. ఇదో, పట్టుకో."

తాళంచెవి సందులోంచి అవతలికి జారింది. తాళం చప్పుడైంది. ఏనుగు కదపలేని తలుపు పిల్లి లేచినట్టు మెత్తగా తెరుచుకుంది. ఓబులేసు పనితనం అలాంటిది, చిన్న కిర్రు కూడా లేదు. నాంచారమ్మ బయటికి వచ్చి పది అడుగులు వేసి, ఆగింది.

"మూసి తాళం వెయ్యప్పా."

"ఎందుకత్తా? పోనీలే, రా."

"కావలోని పెండ్లాం కోట తెరిచిపెట్టి పోయిందంటారు. ఆయన పేరుకు ఆ మాట రాగూడదు. వెయ్యి."

వాడు తాళం వేశాడు. తాళంచెవి ఆమె మళ్లీ నడుముకు కట్టుకుని, తొడకు అది తగులుతున్నా లెక్కచెయ్యకుండా, ఆ వయసులో ఆ కొండను దాదాపు పరుగున దిగింది.

సమయానికే చేరింది. వెంగమ్మ తల్లి చెయ్యి పట్టుకుని, వేళ్లు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా నొక్కి, మగపిల్లవాడిని కన్నది. మంత్రసాని సాలమ్మ బిడ్డను తుడిచి, "ఇనుపముక్క ఏదన్నా తెండి, పురిటి మంచం కింద పెట్టాల. గాలీధూళీ సోకకుండా" అంది. అందరూ వెతకబోయారు. నాంచారమ్మ నడుము తడుముకుని మూరెడు తాళంచెవి తీసి ఇచ్చింది. సాలమ్మ దాన్ని మంచం కింద పెట్టి, "ఇంత ఇనుముంటే దయ్యాలు కాదు, దండు గూడా రాదు" అంది.

దండు మాత్రం వచ్చింది. కోటలో తాళంచెవి కనబడక పెద్ద గోల జరుగుతోందని, తాళం బయట వేసే ఉందని, అంటే తాళంచెవి తమ వైపే ఎక్కడో ఉండాలని గ్రహించి సర్దారుగారు ఫౌజుతో, వెండిపళ్లెంతో పురిటింటి ముందుకు వచ్చారు.

"అమ్మా, కోట తాళంచెవి ఇవ్వు. ముట్టడి ఖతమ్."

సాలమ్మ గుమ్మంలో నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది. "పురిటిల్లు. మగోళ్లు అడుగు పెట్టగూడదు. ఈడనుండే ఏ వస్తువూ శుద్ధయ్యే దాకా బయటికి పోగూడదు."

"శుద్ధి ఎప్పుడు?"

"పదకొండో దినం."

సర్దారుగారు తల అడ్డంగా ఊపారు. "మా ఇళ్లల్లో నలభై రోజులు. చిల్లా. నవాబుగారి చేతిలో పెట్టేది నవాబుగారి ఆచారం ప్రకారం శుద్ధి కావాల. నలభై!"

ఆనాటి నుంచి రెండు రాజధానుల మధ్య యుద్ధం తాళంచెవి మైల మీదికి మళ్లింది. కోట హిందువులది కాబట్టి పది రోజులని దొరవారి పండితులు, పుచ్చుకునేది నవాబు కాబట్టి నలభై అని ఆ వైపు కాజీలు. ఇనుముకు మైల అంటదని ఒక పండితుడు అన్నాడు. అంటకపోతే దయ్యాలు ఎలా పోతాయని మరొకాయన నిలదీశాడు. పంతులు రెండు వైపులా నిర్విరామంగా రాశాడు.

ఈలోగా కోటలోనివాళ్లు ఆకలికి తాళలేక గోడ మీంచి తాళ్లు వేసుకుని దిగసాగారు. పగలంతా కింద పనీపాటా చూసుకుని, బిడ్డను చూసి, పొద్దుగూకేసరికి మళ్లీ తాళ్లు పట్టుకుని పైకి పాకి, కోటను కాపలా కాసేవారు. ఖిల్లాదారుగారు సైతం బుట్టలో కూర్చుని దిగి బిడ్డకు వెండి మొలతాడు పెట్టారు.

"ఇక తలుపు తీయించుదామా ప్రభూ?" అని జమాదారు అడిగితే, ఆయన బుట్టలోంచే కోప్పడ్డారు.

"బుద్ధిలేదూ? బయటివాడు తెరవలేడు. లోపలివాడూ తెరవలేడు. లోకంలో ఇంతకంటే దుర్భేద్యమైన కోట ఎక్కడుంది?"

తాళంచెవిని శత్రువుల చేతిలోంచి బయటికి రప్పించినందుకు నవాబుగారు సర్దారుగారికి 'ఫతే జంగ్' అని బిరుదు పంపారు. తాళంచెవి పోయినా కోట పోనివ్వనందుకు దొరవారు ఖిల్లాదారుగారికి 'దుర్గరక్షామణి' అని పంపారు. ఏనుగు ఎవరికి చెందాలో తేలక చెరుకుతోటలోనే ఉండిపోయి, లావెక్కింది.

నామకరణం నాటికి ఎవరి లెక్కన చూసినా శుద్ధి అయ్యింది. రెండు పక్షాలూ చెరొక వెండిపళ్లెం పట్టుకుని వచ్చి నిలబడ్డాయి. నాంచారమ్మ బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది. పసుపునీళ్లతో కడిగిన తాళంచెవి వాడి ఒళ్లో ఉంది. దాని చివరను వాడు గుప్పిట పట్టుకుని ఉన్నాడు. ఎవరికివ్వాలి? ఎవరికిచ్చినా తలుపు తీస్తారు. తీస్తే మళ్లీ మూస్తారు. మూసేటప్పుడు తానొక పక్క, వెంగమ్మ ఒక పక్క.

"ఇడిపియ్యలేకుండాను సామీ. గట్టిగ పట్టుకున్నాడు. లాగితే ఏడుస్తాడు" అంది ఆమె.

సర్దారుగారు వంగి చూశారు. ఖిల్లాదారుగారు వంగి చూశారు. ఇద్దరూ బిడ్డ ఏడవకూడదని ఒకేసారి వెనక్కి జరిగారు. పంతులు గొంతు సవరించుకుని, అక్కడికక్కడే కూర్చుని రాశాడు: 'దుర్గము యొక్క తాళంచెవి ప్రస్తుతము చిరంజీవి వారి స్వాధీనములో ఉన్నది. చిరంజీవి వారు యుక్తవయస్కులై, స్వహస్తముతో, స్వబుద్ధితో దానిని సమర్పించు పర్యంతము ముట్టడి యథాతథముగా సాగవలెను.' రెండు పక్షాలూ ముద్రలు వేశాయి. బూరెలు వడ్డించారు.

ఒక్కటే మిగిలింది. మేకలు లోపలే ఉన్నాయి. వాటిని తాళ్లతో దింపమని నాంచారమ్మ అడిగింది. మేకలు కోట తిండిసరుకు, రసదు కింద లెక్క, ముట్టడి సాగుతుండగా రసదు బయటికి పోకూడదన్నారు. పాలు మాత్రం చెంబుకు తాడు కట్టి దింపుతామన్నారు. సర్దారుగారి అజీర్తి నయమైంది.

అందువల్ల నాంచారమ్మ రోజూ సాయంత్రం మేత మోపు నెత్తిన పెట్టుకుని కొండెక్కుతుంది. మోపు దించి, గడపరాయి దగ్గర కూర్చుని, ఆ సందులోంచి కొంచెం కొంచెంగా ఆకు లోపలికి తోస్తుంది. అవతల మేకలు ముక్కులు ఆనించి అందుకుంటాయి. మొదటిరోజు అవి రాకపోతే, పిలవడానికని ఆమె అనుకోకుండా చేత్తో తలుపు మీద కొట్టింది. కొట్టాక చెయ్యి వెనక్కి లాక్కుంది. మూసిన తలుపు. పొద్దు కుంకుతోంది. తట్టింది.

పైనుంచి నీళ్లు పడతాయేమోనని తల వంచుకుని కూర్చుంది. పడలేదు. లోపల అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది. తలుపుకు అవతలి పక్క నుంచి జమాదారు గొంతు, కాస్త తటపటాయిస్తూ వినిపించింది.

"ఎవరది? నాంచారమ్మవా, శత్రువా?"

ఆ తలుపు అవతలి నుంచి ఎవరని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆమె చేత్తో గడపరాయిని పట్టుకుంది. తర్వాత మోపులోంచి ఒక మండ తీసి సందులోకి తోసింది.

"రెండూ నేనే నాయనా" అంది. "మేకలకు మేత తెచ్చినా."